వెనక మెట్లు

అమ్మా,

నువ్వు దుప్పట్లు ఉతికిన ఆ పాత హోటలుకి మరమ్మతు పని మా ఆఫీసుకే వచ్చింది. నక్షా గీసే బాధ్యత నాది. నిన్న భవనమంతా తిరిగాను. ఓడల్లో కలప తెప్పించి అమ్మే వ్యాపారి ఒకాయన కట్టించాడట. యుద్ధకాలంలో ఆసుపత్రిగా మార్చారట, తర్వాత మళ్లీ హోటలు. ముందువైపు అంతా దర్జానే. ఎత్తైన కమాను కిటికీలు, రంగుటద్దాలు, నలుగురు పక్కపక్కన నడిచేంత వెడల్పు పాలరాతి మెట్లు. వెనక గోడల సందులో మాత్రం భుజాలు రాసుకునేంత ఇరుకుగా, మెలితిరిగిన ఇనపమెట్లు. పనివాళ్లు అతిథుల కంట పడకూడదని ఆనాడే చేసిన ఏర్పాటు అది.

యజమాని వాటిని తీసేసి లిఫ్టు పెట్టమన్నాడు. కుదరదన్నాను. "తుప్పు పట్టిన ఇనుముమీద అంత ప్రేమేమిటండీ?" అని నవ్వాడు. "మా అమ్మ ఎక్కిన మెట్లవి. వాటిని తీయాలంటే ముందు నన్ను తీసేయండి" అని మొహంమీదే చెప్పాను. ఇంతమంది చాకిరీని ఆనవాలు లేకుండా చెరిపేస్తానంటే ఊరుకుంటానా?

నీ కూతురు

చిట్టితల్లీ,

నాకోసం ఆయనతో తగువు పెట్టుకున్నావని చదివి ప్రాణం లేచొచ్చింది. అయినా చెప్తున్నా, ఆ మెట్లు పీకించెయ్.

నీకెప్పుడూ చెప్పలేదు. నీ తర్వాత ఒక తమ్ముడో చెల్లెలో పుట్టాల్సింది. కడుపుతో ఉండి, దుప్పట్ల మూట మోస్తూ ఆ మెలికలో కాలు జారాను. నెత్తురు కారుతుంటే తోటివాళ్లు నన్ను ముందు మెట్లవైపు ఎత్తుకెళ్లబోయారు. మేనేజరు అడ్డం పడ్డాడు. "అటు కాదు, గెస్టులున్నారు! వచ్చిన దారినే దింపండి" అన్నాడు. ఆ ఇరుకులోంచి దింపేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కలేదు. మీ నాన్నకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలీదు.

రేపు ఆ ఇనుముకి రంగులేస్తారు, పూలకుండీలు పెడతారు. ఎంత ముచ్చటగా ఉందోనని వచ్చినవాళ్లు ఫోటోలు దిగుతారు. నేను బతికుండగా వీల్లేదు. నా గుర్తుగా అవెందుకే, నేనున్నాను కదా!

మీ అమ్మ

అమ్మా,

హోటలు దగ్గర నీ ఉత్తరం చదివి అక్కడే సిమెంటు బస్తామీద కూలబడి ఏడ్చాను. తర్వాత లేచి, కోతమిషన్లు తెప్పించాను.

మెట్లన్నీ ముక్కలై పాత ఇనుములోకి పోయాయి. ఇప్పుడు యజమానికి మోజు పుట్టింది. "ఒక ముక్క హాల్లో అలంకారంగా ఉంచుదామండీ" అన్నాడు. బోల్టు కూడా ఉంచనన్నాను. కొత్త నక్షాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి పనివాళ్లు ఎటునుంచి వెళ్తారు?"

"మీరు వెళ్లే దారినే."

చాలాసేపు గింజుకున్నాడు. వేరే దారి గీసేది లేదని నేనూ కదల్లేదు. చివరికి సంతకం పెట్టాడమ్మా.

నీ కూతురు