ఇగ వచ్చినం

నారాయణఖేడ్, 9 జూలై. మబ్బు పట్టింది, చినుకు లేదు. పొద్దున కొట్టం ఊడ్చిన.

ప్రియమైన అంకితకు,
కార్గిల్ మీద నువ్వు తీస్తున్న సినిమాలో నా ముఖం కనబడొద్దన్న. బొమ్మలు గీసి నడిపిస్తనన్నవు, సరే అన్న. ఫోనుకు పంపిన ముక్క చూసిన. తూటా తగిలిన తోటి జవాను వీరేశ్‌ను వీపున వేసుకొని కొండ దిగిన అని, అంతవరకే నీకు చెప్పిన. బొమ్మలో నేను ఆగి, ఎడమ భుజం ఎగరేసి "ఇగ వచ్చినం, ఇగ వచ్చినం" అంటున్న. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నీకెవరు చెప్పిన్రు? చాటుగా రికార్డు చేసినవా?
బీరప్ప

హైదరాబాద్, 14 జూలై

ప్రియమైన బీరప్ప కాకకు,
రికార్డు చెయ్యలేదు. తప్పు గీస్తే చెప్పు, తీసేస్త. ఎవరు చెప్పిన్రో మాత్రం చెప్పనని మాటిచ్చిన. కోపం చెయ్యకు.
నీ అంకిత

నారాయణఖేడ్, 19 జూలై. ఎండ. కంది చేన్ల కలుపు తీసిన.

అంకితకు,
తప్పు గీస్తే ఇంత అడగకపోదును. ఆనాడు మాతో దిగినోడు గోవర్ధన్ ఒక్కడే. కల్హేర్ అంగట్ల పట్టుకొని అడిగిన. "నేను తుపాకులు మోసుకుంట ముందు నడిచిన. వెనక నువ్వేం మాట్లాడినవో నాకేం ఎరుక? ఇన్నేండ్ల దోస్తును దొంగను చేస్తున్నవా?" అన్నడు. వాడిచ్చిన చాయ్ తాగకుండ వచ్చిన. పేరు చెప్పకపోతే ఆ సినిమాలో నేనుండ.
బీరప్ప

హైదరాబాద్, 23 జూలై

ప్రియమైన కాకకు,
ముందు పోయి గోవర్ధన్ కాక చాయ్ తాగు. చెప్పింది మీ ఇంట్లోనే, సంగమ్మ చిన్నమ్మ.
నేను వచ్చిన రోజు నువ్వు రెండు ముక్కలు చెప్పి బస్ డిపో దిక్కు పోయినవు. బరువు ఎత్తితే కాక ఎట్ల నడుస్తడని చిన్నమ్మను అడిగిన. జొన్నల మూట వీపున వేసుకొని వాకిట్ల నడిచి చూపించింది. మొదటిసారి నవ్వుకుంట. రెండోసారి నవ్వలేదు. "మూట ఎత్తితే చాలు, గీ మాటే అంటడు. ఎవరితోని అంటడో తెల్వది బిడ్డా, మూటతోనైతే కాదు" అన్నది. "నేను చెప్పిన్నని తెలిస్తే ఆ ఒక్క మాట కూడా మానేస్తడు" అని ఒట్టు పెట్టించుకుంది.
ఆ నడక చూసే గీసిన. ఉంచాల్నా, తీసెయ్యాల్నా?
నీ అంకిత

నారాయణఖేడ్, 28 జూలై. రెండు రోజులుగా ముసురు. కొట్టం కప్పు సరిచేసిన.

ప్రియమైన అంకితకు,
ఉంచు. గోవర్ధన్ చాయ్ తాగిన. ఇంకా తిడుతుండు.
ఒకటి తప్పు గీసినవు. బొమ్మలో వీరేశ్ పలకడు. వాగు దాకా పలికిండు. నేను "ఇగ వచ్చినం" అంటే "ఊ" అన్నడు. వాగు దాటినంక నేనొక్కన్నే అన్న. అది కూడా గీయి.
ఇది నిన్న సంగమ్మకు చెప్పిన. ఇయ్యాల చేను నుంచి గడ్డిమోపు తెస్తుంటే నా వెనకనే నడిచింది. అలవాటుగా నోట్లోకెల్లి "ఇగ వచ్చినం" అని వచ్చింది.
"ఊ" అన్నది.
మోపు దించి ఈ ఉత్తరం రాస్తున్న.
బీరప్ప