తంగరాజ్ గారి గోడ, మన బచ్చలి

పెరంబూరు

శ్రీవారికి,

నమస్కారాలు. నేనూ, ధన్యా క్షేమంగానే ఉన్నాం. పిల్లకు దగ్గు పూర్తిగా తగ్గింది, బెంగపడకండి. మీరు ఉద్యోగం చేసే ఆ ద్వీపంలో ఫోను ఒక మాట చేరిస్తే రెండు మాటలు మింగేస్తుంది. అందుకే ఈ ఉత్తరం. చదివాక కోపం వస్తే ఇంకోసారి చదవండి, తగ్గుతుంది.

కోడంబాక్కంలో ఫ్లాటు చూశావా అని అడిగారు. చూశాను. బాల్కనీలో నిలబడితే ఎదురుగా ఇంకొకరి గోడ. గోడ బాధ పడలేక ఇల్లమ్మి, మళ్ళీ గోడనే కొనుక్కోవాలా? నాకు ఈ ఇల్లు వదలాలని లేదండీ. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ నేను పొద్దుటి కాఫీ తాగింది ఈ పెరట్లోనే.

ఆ పెరట్లో ఇప్పుడు పచ్చగోడ పెంచుతున్నాను. ఇనుప చట్రం చేయించి, చెమ్మ తగలకుండా గోడకు జానెడు ఎడంగా బిగించి, వరసగా తొట్లు తగిలించాను. కింద పుదీన, పైన వాము ఆకు, మనీప్లాంటు, పక్కనుంచి తీగబచ్చలి. మొదట్లో మన బోరు నీళ్ళు పోసి సగం మొక్కల్ని నేనే చంపాను. ఆ ఉప్పుకి పుదీన మాడిపోయింది. ఇప్పుడు మంచినీళ్ళు పడుతున్నాయి, బచ్చలి పైదాకా పాకింది. నిన్న దాంతోనే పప్పు చేశాను.

మనకు తాగడానికే చాలని మంచినీళ్ళు మొక్కలకు ఎక్కడివని అడుగుతారు. గోడవతలినుంచి.

పక్కింటి తంగరాజ్ గారు మేడ లేపి మన వెలుతురు ఆపారు, నిజమే. ఆ గోడకు ఇటువైపు పూత పూయడానికి మేస్త్రీ వస్తే మీరు మన పెరట్లో కాలు పెట్టనివ్వలేదు, అదీ నిజమే. వాళ్ళవైపు గోడ తెల్లగా మెరుస్తోంది, మొండి ఇటుకలు మన వంతుకొచ్చాయి. పంతం మీది, చూడాల్సిన ఖర్మ నాది.

వరలక్ష్మీవ్రతం నాడు పక్కింటి ముత్తైదువను వదిలేసి వీధి చివరివాళ్ళకు తాంబూలం ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. మీకు చెప్పకుండా ఆయన భార్య పరిమళను పిలిచాను. వచ్చింది. తాంబూలం పుచ్చుకుని, పెరట్లోకి వచ్చి, తమ గోడను మొదటిసారి ఇటునుంచి చూసింది.

"ఇన్నాళ్ళూ మీరు దీన్నా అక్కా చూస్తా ఉండారు?" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

తమ గోడకు చట్రం బిగించుకోమన్నది తంగరాజ్ గారే. పుదీన మాడటం మేడమీదినుంచి చూసి, తమ కుళాయికొచ్చే మెట్రో మంచినీళ్ళు పైపుతో పోస్తున్నదీ ఆయనే. కాఫీ తాగి వెళ్ళమని ఎన్నిసార్లు పిలిచినా ఇటు మాత్రం రారు.

"సార్ పిలవనీమ్మా, వస్తా" అంటారు.

ఆ గోడ మొహం చూడనని మీరు ఒట్టు పెట్టుకున్నారు కదా. ఒట్టు తీసి గట్టున పెట్టక్కర్లేదు, గోడ ఇప్పుడు కనిపించదు. మీరు సెలవుకొచ్చిన మర్నాడు పొద్దున పెరట్లో రెండు కుర్చీలు వేసి, రెండు కాఫీలు పెడతాను. నేను వంటింట్లో తాగుతాను.

ఇట్లు,
మీ మాట ఒక్కసారి మీరిన
మీ ఇల్లాలు
ఇంద్రజ