ఏడు రోజులు ఎక్కువున్న సత్యలక్ష్మి గురించి

ఖుర్సీపార్, భిలాయి
14 నవంబరు 2025

మలేషియా దేశపు వీసా అధికారి వారి సముఖమునకు, భిలాయి ఖుర్సీపార్ జోన్-2 నివాసి, ఉక్కు కర్మాగారం రైలు పట్టాల మిల్లులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన కింతలి నరసింగరావు పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య శ్రీమతి సత్యలక్ష్మి, వయస్సు అరవై, 2023లో టూరిస్టు వీసా గడువు దాటి తమ దేశమందు ఏడు దినములు అధికముగా ఉండి వచ్చినది, ఆమెను మరల రానివ్వవద్దని కోరుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, పై సత్యలక్ష్మి తిరిగి తమ దేశమునకు వచ్చుటకు దరఖాస్తు పెట్టుకొనుచున్నది. ఇప్పుడు మావాళ్ళు వీసా లేకుండానే రావచ్చునట గాని, పాత ఉల్లంఘన ఉన్నందున ముందే అనుమతి అడిగి, అది ఎందుకు జరిగినదో వివరణ జతచేస్తే మంచిదని ఫారం నింపుతున్న మా అబ్బాయి సునీల్ చెప్పాడు. ఆ వివరణ రాసే పని నాకు అప్పగించారు. మిల్లులో మా షిఫ్టు వాళ్ళందరి సెలవు దరఖాస్తులూ నేనే రాసేవాణ్ణి. బిలాస్‌పూర్ వాడూ, బలియా వాడూ కూడా "రావ్ సాహబ్, జరా లిఖ్ దీజియే" అని రాయించుకోడానికి నా దగ్గరకే వచ్చేవారు. నేను రాసినది ఒక్కటీ తిరిగి రాలేదు. అందువల్ల ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు. నేను ఆ వివరణకు బదులు ఇది రాయుచున్నాను.

తెలుగులో ఎందుకంటే, సునీల్‌కీ కోడలు అపర్ణకీ తెలుగు చదవడం రాదు. తమ దేశానికి మా వైపు వాళ్ళు నూరేళ్ళ కిందటే ఓడలెక్కి వచ్చారు గనుక తమ కార్యాలయంలో తెలుగు తెలిసినవారు ఒక్కరైనా ఉండకపోరు. లేకుంటే ఎవరిచేతనైనా చదివించుకోండి. చిన్నమ్మలు చేత మాత్రం వద్దు.

ఈ చిన్నమ్మలు (అది ఆమె పేరే) ఎవరో ముందు మనవి చేస్తాను. మా ఆవిడ అమ్మమ్మ, చిన్నమ్మలు అమ్మమ్మ సొంత అక్కచెల్లెళ్ళు. ఒకామె నెల్లిమర్ల దగ్గర పల్లెలో ఉండిపోయింది, ఒకామె తోటపనికి మలయా పోయింది. 2019లో చిన్నమ్మలు తమ దేశం నుంచి సింహాచలం దర్శనానికి వచ్చి, పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ ఆ పల్లెలో దిగింది. అదే వారం మేమూ అక్కడే మా బావమరిది ఇంట్లో ఉన్నాము. వరసకు అక్కచెల్లెళ్ళయిన చిన్నమ్మలూ మా ఆవిడా చేతిలోని సంచులు నాకిచ్చి, ఒకరినొకరు పట్టుకుని అరగంట ఏడ్చారు. ఆ సంచులు పట్టుకుని నిల్చున్న దగ్గర్నుంచి నా కష్టాలు మొదలైనవి. అవి ఈ క్రింద వరుసగా పొందుపరుస్తున్నాను.

1. ఫోను. ఆ రోజు మొదలు నేటివరకు మధ్యాహ్నం భోజనం కాగానే రెండు గంటలు చిన్నమ్మలుతో మాట. నాతో మాట్లాడవలసినవి "అన్నం పెట్టాను", "గ్యాస్ అయిపోవచ్చింది", "తాళం వేసినారా" అనే మూడు. నలభై ఏళ్ళ కాపురంలో ఇంతకన్నా మాటలు ఉంటాయని నాకు తెలియదు. ఉన్నాయట. అవన్నీ దాచి ఉంచి చిన్నమ్మలుకి చెబుతున్నది.

2. పేరు. చిన్నమ్మలు ఫోను తీయగానే "ఒలే సత్తీ" అంటుంది. మా అత్తగారు పోయాక ఆ పేరుతో పిలిచేవారు లేరట. ఆ పేరు ఉన్నట్టే నాకు తెలియదు. నేను "సునీల్ కీ మమ్మీ" అని పిలుస్తాను, ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు. ఒకరోజు నేను కూడా "సత్తీ, చాయ్ ఇస్తావా" అన్నాను. ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమోనని చూసింది.

3. నవ్వు. దీనిని గురించి వివరంగా రాయలేను. ఫోనులో ఒక రకంగా నవ్వుతుంది. గోడ ఇవతల కూర్చుని వింటుంటాను. ఆ నవ్వు నేను ఎన్నడూ వినలేదు. నా మాటకు అలా ఒక్కసారి నవ్వి ఉంటే నాకు గుర్తుండేది.

4. ప్రయాణం. ఫిబ్రవరి 2023, రెండో తారీకున ముప్పై రోజుల టూరిస్టు వీసాపై తమ దేశమందు దిగినది. పెరాక్‌లో పామాయిల్ తోట పక్కన చిన్నమ్మలు ఇల్లు. ఇక్కడ మైత్రీబాగ్ పార్కు దాకా రమ్మంటే మోకాళ్ళు నొప్పులనే మనిషి, అక్కడ తెల్లారి బూట్లు తొడుక్కుని మూడు కిలోమీటర్లు నడిచింది. పడవెక్కింది. భజనలో ముందు కూర్చుని పాడింది. ఇవన్నీ ఫోటోలు. ప్రతి ఫోటోలోనూ పక్కన చిన్నమ్మలు, వెనక చిన్నమ్మలు అల్లుడు తిరుమలరావు. ఈ తిరుమలరావు అక్కడ వకీలు ఆఫీసులో గుమాస్తా. అతనికి తెలియనిది లేదు. కారు నడుపుతాడు, బీపీ చూస్తాడు, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెబుతాడు. నెలరోజులు నేను ఫోను చేసినప్పుడల్లా "తిరుమలరావు ఇలగన్నాడు, తిరుమలరావు అలగన్నాడు". పై గడువు తీరిన పిమ్మట కూడా ఏడు దినములు అక్కడే ఉండి, మార్చి పదో తారీకున విమానాశ్రయంలో పట్టుబడి, జరిమానా కట్టి వచ్చినది. కారణములు అర్జీదారుకు తెలియవు.

5. భాష. తిరిగి వచ్చిన తరువాత నా తెలుగుకి వంకలు. నేను ఆరో ఏట బొబ్బిలి నుంచి మా నాన్నతో భిలాయి వచ్చినవాణ్ణి. ఒకరోజు "బజార్ జాకే సబ్జీ తెస్తాను" అన్నాను. "మీది తెలుగేటండీ, సగం హిందీ. చిన్నమ్మలక్కోళ్ళు సముద్రం దాటి నూరేళ్ళయినా మాట పోగొట్టుకోలేదు. మీరు రైల్లో ఒక్క రోజు దూరం వచ్చి పోగొట్టుకున్నారు" అంది. నాకు జవాబు తోచింది. తోచినది హిందీలో తోచింది, అందుకని ఊరుకున్నాను.

6. ప్రస్తుత కారణము. డిసెంబరులో చిన్నమ్మలుకి మోకాలి ఆపరేషను. పక్కన కూర్చోడానికి వెళ్తానంటుంది.

"కూతురు లేదా, ఆ సర్వం తెలిసిన అల్లుడు లేడా?" అన్నాను.

"ఆల్లుంటారు. నానుంటే వేరు" అంది.

నాకు హెర్నియా ఆపరేషను అయినప్పుడు పదకొండు రోజులు ఆసుపత్రిలో స్టూలు మీద కూర్చుంది. అది నాకొక్కడికే చేసిందనుకున్నాను. అందరికీ చేస్తుందని ఇప్పుడు తెలిసింది.

అయ్యా, నేను దాచను. నాకు కుళ్ళు. అరవై ఆరేళ్ళ వయసులో, డెబ్బై ఏళ్ళ ఆడమనిషిని చూసి, అది కూడా మోకాలు అరిగినామెను చూసి కుళ్ళుకుంటున్నాను. ఈసారి వెళితే ఏడు రోజులతో ఆగదని నా భయం. తిరిగి వస్తుంది, రాకుండా ఉండదు. కాని సగం అక్కడ పెట్టి వస్తుంది. మొదటిసారి అలాగే వచ్చింది. కావున ఉల్లంఘన చేసిన మనిషిగా ఆమె దరఖాస్తును త్రోసిపుచ్చవలెనని, పాత కాగితముల నకళ్ళు జతపరచి ప్రార్థించుచున్నాను.

(ఇంతవరకు ఉదయం రాసితిని. మిగతాది మధ్యాహ్నం రాయుచున్నాను.)

జతపరచవలసిన కాగితాల కోసం ఆమె బీరువాలో చీరల కింద ఉంచిన ప్లాస్టిక్ కవరు తీసితిని. పాస్‌పోర్టు, జరిమానా రసీదు, వాటి వెనక ఒక కాగితం దొరికింది. విమానాశ్రయంలో ఆమె దగ్గర తీసుకున్న వాంగ్మూలం. రెండున్నరేళ్ళుగా ఇది మా ఇంట్లో ఉన్నదని నాకు తెలియదు. ఇంగ్లీషులో ఉంది. సెలవు దరఖాస్తుల ఇంగ్లీషు నాకు బాగా తెలుసు గనుక చదువుకోగలిగాను.

ప్రశ్న: గడువు దాటి ఉండమని మీకు ఎవరు చెప్పారు?

జవాబు: ఎవరూ చెప్పలేదు. లెక్క నేనే తప్పాను.

కింద తెలుగులో సత్యలక్ష్మి అని సంతకం.

అయ్యా, నాలుగో అంశంలో "కారణములు అర్జీదారుకు తెలియవు" అని రాసితిని. అది అబద్ధం. కారణము అర్జీదారే.

మార్చి ఒకటిన ఆమె ఫోను చేసింది. "ఏటండీ, తొమ్మిదో తారీకున ఇక్కడ అమ్మోరి పండగంట. అక్క ఉండమంటంది. నా టికెట్టు మూడుకి ఉంది కదా. తిరుమలరావు ముప్పై రోజులంటే ముప్పై రోజులే, కుదరదంటన్నాడు. మీరేటంటారు?"

తిరుమలరావు కుదరదన్నాడు గనుక కుదురుతుందన్నాను. ఇదీ అసలు సంగతి. తరువాత దానికి కారణం వెతికాను. వెతికితే దొరికింది. టూరిస్టు అంటే సరదాకి వెళ్ళేవాడు. సరదాకి పెట్టే సెలవు కాజువల్. కాజువల్ సెలవులో ఆదివారాలూ పండుగలూ లెక్కలోకి రావు, మధ్యలో పడితే వాటిని తీసేసి లెక్కించాలి. మా మిల్లులో అంతే. ఐదు ఆదివారాలు, శివరాత్రి, హోళీ, వెరసి ఏడు. మూడో తారీకుకి ఏడు కలిపితే పది. "పదో తారీకు దాకా హక్కుంది, టికెట్టు మార్పించుకో. ఆ గుమాస్తాకి నియమాలు ఏం తెలుసు?" అని గట్టిగా చెప్పాను. మీ దేశంలో హోళీకి సెలవు ఇవ్వరన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఆమె "సరే అయితే, మీరు సెప్పినట్టే" అంది.

ఆమెను విమానాశ్రయంలో ఆపినప్పుడు నేను భిలాయిలో భోజనం చేసి పడుకున్నాను. ఆమె ఇంగ్లీషు తెలియని మనిషి, గదిలో మూడు గంటలు ఒక్కతే కూర్చుందట. వచ్చాక సునీల్ "మమ్మీ, థర్టీ డేస్ కా మతలబ్ థర్టీ డేస్ హోతా హై" అని కోప్పడితే తల వంచుకుని "తెలక ఉండిపోనాను బాబూ" అంది. నేను పక్కనే పేపరు చదువుతున్నాను. పేజీ తిప్పాను. ఆమె అక్కడ అందరికీ నా పేరు చెప్పి ఉంటుందనీ, తిరుమలరావు నన్ను చూసి నవ్వుకుని ఉంటాడనీ ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ కోపం కూడా ఆమె మీదే పెట్టుకున్నాను.

కావున సవరణ: పై విషయంలో "రానివ్వవద్దని" అన్నచోట "రానివ్వమని" అని దిద్ది చదువుకొనవలెను. ఫారంతో పంపవలసిన గడువు రేపటికే గనుక మళ్ళీ మొదటినుంచి రాసే వ్యవధి లేదు. ఒకటి నుంచి ఆరు వరకు గల అంశములు అర్జీదారు స్వంత బాధలు గనుక వాటిని ఉపసంహరించుకొనుచున్నాను. అవి నిజమే, కాని తమ శాఖకు చెందవు. ఏడు దినముల తప్పు యావత్తూ తప్పుడు లెక్క చెప్పిన నాది. శిక్ష ఏదైనా ఉంటే నా పాస్‌పోర్టు మీద వేయండి. అందులో ఇంతవరకు ఏ ముద్రా లేదు, ఖాళీ చాలా ఉంది. ఆమెను డిసెంబరులోగా చిన్నమ్మలు పక్కకు చేర్చగలందులకు తమ దయను వేడుకొనుచు, ఈ నాలుగు ముక్కలు తమరు ఓపికగా చిత్తగించవలెనని కోరు,

తమ విధేయుడు, పై తప్పుకు పూర్తి బాధ్యుడు,
కింతలి నరసింగరావు

తా.క. కవరు అంటించబోతుంటే మా ఆవిడ వచ్చి చదవమంది. కాగితాలు ఆమె చేతికే ఇచ్చాను. మొదటినుంచి చివరి దాకా కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. మూడో అంశం దగ్గర ఆగి, మళ్ళీ ఒకసారి చదివింది. అంతా అయ్యాక, "ఇదంతా ఎందుకండీ. తెలక ఉండిపోనాను అని ఒక్క ముక్క రాయండి, సాలు" అంది.

"తెలియక కాదు కదా, నా మాట నమ్మి ఉండిపోయావు" అన్నాను.

"నమ్మడవేటి" అంది. "పాస్‌పోర్టులో తారీకు ముద్ర కొట్టుంది. తిరుమలరావు ఏలు పెట్టి సూపించినాడు. నాకు అంకెలు రావేటి?"

"మరి తెలిసీ ఎందుకు ఉండిపోయావు?"

"ఫోను స్పీకర్లో ఉంది కదండీ. ఆదివారాలూ హోళీ అంటా మీరు సెప్పిందంతా ఆల్లందరూ ఇన్నారు. అక్క కూడా ఎలిపోమంది. తిరుమలరావు ముసిముసి నవ్వులు నవ్వుతన్నాడు. అప్పుడు నాను మూడో తారీకుకే ఎలిపోతే మా ఆయన తప్పని నానే ఒప్పుకున్నట్టు కదా. మా ఆయన ముప్పై ఆరేళ్ళు ఇదే రాసినారు, ఆయనకి తెలస్తాది అనేసి ఉండిపోనాను."

ఇది రాస్తే ఆమె తెలిసి చేసిన తప్పవుతుందని, దరఖాస్తుకు దెబ్బ అని నాకు తెలుసు. కాబట్టి ఈ తా.క.ను తమరు చదవనట్టుగా భావించి రికార్డులోకి తీసుకొనకుండ ఉండవలెను. కాని ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ ఏడు రోజులూ చిన్నమ్మలు కోసం ఉండిపోయిందని రెండున్నరేళ్ళు కుళ్ళుకున్నాను, అయ్యా. నా కోసం ఉండిపోయిందట.