మీ ఆయన చేసిన స్పీకర్లు

అమ్మడికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలు క్షేమం, నా బీపీ క్షేమం, అన్నిటికంటే మీ ఆయన మహా క్షేమం. నువ్వు కూడా అక్కడ వేళకు తింటూ, ఉద్యోగం తప్ప వేరే పిచ్చి ఏదీ అంటించుకోకుండా ఉన్నావని తలుస్తాను. ఇంటికి ఒక పిచ్చి చాలు.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మందులు వేసుకుంటోంది, కాకపోతే గుర్తు చేసిన పాపానికి నన్ను విసుక్కుని మరీ వేసుకుంటోంది. వంటింటి కప్పు కారడం ఆగింది. ఇక "ఆయనతో సర్దుకుపోతున్నావా నాన్నా" అన్నావు. నీ ట్రైనింగు పేరు చెప్పి నువ్వు మా ఇంట దింపిపోయిన ఈ మనిషి, ఆఫీసు నుంచి రాగానే చొక్కా అయినా మార్చకుండా ముందుగది నేలమీద కూలబడి చెక్కలు గీకుతుంటే, సర్దుకోవలసింది నేనా, ఆ గదా? కుర్చీలన్నీ వరండాలోకి పోయాయి. మొన్న కూరలో రంపపు పొట్టు వచ్చింది. మీ అమ్మ అది మసాలా అని వెనకేసుకొచ్చింది.

సంగతేమిటంటే, పాత సామాన్లవాడి దగ్గర రెండు స్పీకర్లు కొన్నాడు. ఎప్పుడో మూతబడ్డ సభాభవనం గోడల్లోంచి పీకినవి, మీ ఆయన కంటే వయసులో పెద్దవి. కాగితంతో చేసిన గరాటు, దాని వెనక కొబ్బరికాయంత అయస్కాంతం, అంతే. మామూలు పెట్టెల్లో లావు గొంతుకి ఒక స్పీకరు, సన్న గొంతుకి ఒకటి వేరువేరుగా ఉంటాయి కదా, ఇది అలా కాదట.

"ఇది ఫుల్ రేంజి, మావయ్యగారూ. డోలు నుంచి గంట దాకా అన్నీ ఈ ఒక్క కాగితమే పలుకుతుంది. ఇలాంటివి ఇప్పుడు చెయ్యట్లేదు" అన్నాడు.

"బొగ్గు ఇంజన్లు కూడా చెయ్యట్లేదు. ఒకటి తెచ్చి పెరట్లో పెట్టుకో" అన్నాను.

నవ్వాడు. నాకు గిట్టనిది అదే. తిట్టు తిన్నవాడు తిన్నట్టు ఉండాలి.

ఇక అతని మిత్రబృందం. ఆదివారాలు ఇద్దరొస్తారు. ఒకడికి కళ్లుమూతలాయన అని, ఇంకొకడికి ఆహాగారు అని నేనే పేర్లు పెట్టాను. మొదటివాడు పాట మొదలవగానే కళ్లు మూస్తాడు, అయిపోయినా తెరవడు. రెండోవాడు "ఆహా, గొంతు చుట్టూ గాలి ఆడుతోంది" అంటాడు. గాలి కావలసినవాడు కిటికీ తెరుచుకోవాలి గాని ఇంకొకరి ఇంటికొచ్చి కాఫీ తాగడమెందుకు?

నూలు మిల్లులో నన్ను చెవి మేస్త్రీ అనేవాళ్లని నీకు తెలుసు. ఇనపకడ్డీ ఒక కొన మోటారుకీ ఒక కొన చెవికీ ఆనించి, లోపల ఏ బేరింగు ఎప్పుడు పోతుందో చెప్పినవాణ్ణి. రిటైరయ్యాక కూడా కలప కోత మిల్లు ఓనరు కబురు పెడుతూనే ఉన్నాడు. అలాంటి చెవి ముందు ఈ పిల్లకాకులు గాలి గురించి మాట్లాడతారు.

సరే, ఆ స్పీకర్లకి చెక్కపెట్టెలు తయారయ్యాయి. ఏదో వేణువు కచేరీ పెట్టాడు.

"దీని మీద దుప్పటి కప్పావు. వేణువు ఏదయ్యా?" అన్నాను.

మీ ఆయన నా మొహంకేసి చూశాడు. "ఇంకోసారి ప్రయత్నిస్తాను, మావయ్యగారూ" అన్నాడు. పెట్టెలు విప్పాడు, ముందు పలక వెడల్పు చేశాడు, లోపల కుక్కిన దూది తగ్గించాడు. మళ్లీ విన్నాను. మళ్లీ అదే దుప్పటి. చెక్క పాడుచెయ్యడానికి ఇంత చదువు అక్కర్లేదన్నాను. మీ అమ్మ నా మీద కేకలేసింది. ఈసారి తీగ మధ్యలో ఉన్న రాగి చుట్ట పీకేశాడు. ఇలాంటి ముసలి స్పీకర్లు పైస్థాయిలో అరుస్తాయట, ఆ అరుపు అణచడానికి పెట్టే చుట్ట అది. తియ్యగానే వేణువు వినపడింది.

"ఇదీ పద్ధతి. ముందే నా మాట వింటే చెక్క మిగిలేది" అన్నాను.

ఆ ఆదివారం నేనే అందర్నీ పిలిచాను, పక్కింటి టీచరమ్మతో సహా. నా చెవి చలవ వల్లే ఇవి దారికొచ్చాయని చెప్పి, వాల్యూం పెంచాను. టీచరమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. కళ్లుమూతలాయన కళ్లు తెరిచాడు. ఆహాగారు మంచినీళ్ల మిషతో వంటింట్లోకి జారుకున్నాడు. మీ అమ్మ పరుగున వచ్చి, "ఏమిటండీ ఆ కీచు, ఆపండి" అంది.

నాకు కీచు ఏదీ వినపడలేదు. వేణువు వినపడింది, అదైనా పక్కవీధిలోంచి వస్తున్నట్టు.

అందరూ వెళ్లాక మీ ఆయన్ని కూర్చోబెట్టాను.

"మొదట కట్టినప్పుడు పెట్టెలు ఎలా ఉన్నాయి? నిజం చెప్పు."

"బాగున్నాయి, మావయ్యగారూ."

"మరెందుకు విప్పావు?"

"మీకు వినపడాలని."

"నాకు వినపడట్లేదని నీకెప్పుడు తెలుసు?"

"వచ్చిన కొత్తల్లోనే. అత్తయ్యగారు మాట్లాడుతుంటే మీరు ఆవిడ పెదాలకేసి చూస్తారు."

"చెప్పడానికి నోరు రాలేదా?"

"మీ ఇంట్లో ఉంటూ, మీకు చెవుడని మీతో ఎలా చెప్పను?" అన్నాడు తలొంచుకుని.

ఒక్క మాట నోట రాక అవే పెట్టెల్ని మళ్లీమళ్లీ కట్టిన మనిషి. ఇలాంటి పిరికివాణ్ణి మిల్లులో నేను ఒక్క షిఫ్టు కూడా ఉంచుకునేవాణ్ణి కాదు.

అమ్మడూ, ఇంతకంటే చెడ్డ సంగతి ఇప్పుడు రాస్తున్నాను. అంతకుముందు వారమే కోత మిల్లులో పెద్ద రంపం మోటారుకి కడ్డీ ఆనించి విని, "నిక్షేపంలా ఉంది, నడుపుకోండి" అని చెప్పి వచ్చాను. అది అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు మిల్లు తలుపులు తీసే వేళకి వెళ్లి నిలబడ్డాను. మీ ఆయన ఆఫీసు మానేసి వెంట వచ్చాడు, రమ్మనకపోయినా.

"మోటారు విప్పండి. నా చెవి పోయింది" అన్నాను.

ఓనరు పరాచికమనుకున్నాడు. కోత మేస్త్రీ మాత్రం నా మొహం చూసి, స్విచ్చి మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. విప్పితే లోపల బేరింగు గోళీలు నలిగిపోయి ఉన్నాయి, ఒక గోళీ అయితే రెండు ముక్కలయింది. ఆ మేస్త్రీ రోజంతా నిలబడేది ఆ రంపానికి మూరెడు దూరంలో. అతనే పోయి నాకు కుర్చీ తెచ్చి వేశాడు. అందులో కూర్చోవడం కంటే నాలుగు తిట్లు తినడం తేలిక.

చెవి డాక్టరు నిన్నమొన్నటి కుర్రాడు. నన్ను గాజుగదిలో కూర్చోబెట్టి, వినపడితే చెయ్యెత్తమని ఆటలాడించాడు. మిల్లు మోత ఏళ్ల తరబడి తినేసిందట. అంటే ఇన్నాళ్లూ నేను చెప్పింది చెవితో కాదు, అలవాటుతో. ఊళ్లో ఇంతమంది మూర్ఖుల్ని వెక్కిరించాను గాని, అద్దంలో ఉన్నవాడి జోలికి పోలేదు.

ఇప్పుడు నా చెవిలో చిక్కుడుగింజంత యంత్రం ఉంది. చెప్పులు మోగుతున్నాయి, కాగితం మోగుతోంది. మీ అమ్మ ఇంత మాట్లాడుతుందన్న సంగతి మరిచిపోయాను, డాక్టరుకి ఆవిడ రుణపడి ఉంటుంది, నేను కాదు.

నిన్న సాయంత్రం మీ ఆయన ఆ రాగి చుట్ట తిరిగి బిగించి, వేణువు పెట్టాడు. ఇద్దరం నేలమీద కూర్చున్నాం. వేణువు ఉంది. వాయించేవాడు ఊపిరి తీసుకోవడం కూడా ఉంది. మీ ఆయన నావైపు చూడటానికి జంకి, గోడకేసి చూస్తున్నాడు.

"ఎడమ పెట్టెలో అడుగున చెక్క గరగరలాడుతోంది" అన్నాను.

వంగి, పెట్టెకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "అవును, మావయ్యగారూ. నాకిది ఇన్నాళ్లూ పట్టుబడలేదు" అన్నాడు.

పట్టుబడదు. అందుకే ఆ పెట్టెలు ఇంకో వారం నా ముందుంటే గాని మనుషుల్లో పడవు. నీ ట్రైనింగు ముగియగానే మూట కట్టేస్తాడేమో, మరికొన్నాళ్లు ఉండమని నువ్వే ఓ మాట రాయి. నేను అడగను. నేను అడిగితే అభిమానమనుకుంటాడు.

ఇట్లు,
మీ ఆయన్ని ఇంకా మెచ్చుకోని
మీ నాన్న