పద్మ నొప్పికి మాత్ర

మార్చి 2004, శుక్రవారం రాత్రి

ఇవాళ చెల్లెలు పద్మను గుంటూరులో లేడీ డాక్టరుకు చూపించాను. నెలనెలా కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోంది. "గర్భసంచి తీయించేస్తే పీడా పోద్ది. మీ అక్క తీయించుకోలా?" అని దాని అత్త ఒకటే పట్టు. కోయించే ముందు ఇంకొకరికి చూపిద్దామని నేనే అన్నాను.

డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "సంచి శుభ్రంగా ఉందమ్మా. నెలసరప్పుడు అందులోనే ఒక హార్మోను పుడుతుంది. అది ఎక్కువైతే సంచిని గట్టిగా పిండేస్తుంది. ఈ నొప్పి అదే. మాత్రతో తగ్గుతుంది, ఆపరేషన్ అక్కర్లేదు" అంది.

పద్మ సంతోషంతో ఏడ్చేసింది. నాకు మాత్రం ఒళ్లంతా సెగలు పుట్టాయి. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేసిన దగ్గర్నుంచీ ఈ ఆవిర్లు రోజూ ఉన్నవే. కానీ ఇవాళ్టివి అవి కావేమో. ముప్పై రెండేళ్లకే నా ఒళ్లు...

సత్తెనపల్లి బస్సెక్కాక పద్మ అడిగింది.

"అక్కా, నీదీ ఇట్టాంటి నొప్పే కదా? నీకెవరూ ఈ మాత్ర సంగతి చెప్పలా?"

"నాకు లోపల గడ్డ ఉందిలేవే. తీయక తప్పలేదు."

అది నమ్మేసి, నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

నాకు గడ్డా లేదు, ఏమీ లేదు. అప్పుడు నాకసలు స్కానింగే తీయలేదు.