సగమే చేరిన ఎక్స్‌రే

రాజపాళయం,
బుధవారం.

ఇలక్కియక్కకు,

తమ్ముడు కళైయరసన్ రాసుకునేది. అమ్మ, నీ కూతురు తమిళ్సెల్వి, నేను జబ్బూ జ్వరమూ లేకుండా ఉన్నాం. తిరుప్పూర్‌లో నీ ఒళ్లు కూడా బాగుండాలని కోరుకుంటున్నాం.

నీ ఉత్తరం శనివారం అందింది. అడిగినవన్నీ చెబుతాను. తమిళ్సెల్వి కంటి ఎరుపు తగ్గింది, బడికి పోతోంది. జడ మాత్రం అవ్వ వేస్తే ఒప్పుకోదు, "అమ్మ వేసిన మాదిరి లేదు" అని విప్పేస్తుంది. మంసాపురంలో మీ ఇల్లు ఖాళీ చేసి తాళం ఇచ్చేశాం. బావ చొక్కాలు ఎవరికైనా ఇమ్మని రాశావు. అమ్మ పెట్టె తెరిచింది, కాసేపు చూసింది, మళ్లీ మూసేసింది. నేను బలవంతపెట్టలేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. ఎక్స్‌రేలో ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పింది, మరి ఎముక విరిగి లోపల రక్తం కారిందని పెద్దాసుపత్రిలో ఎలా చెప్పారు, ఆ ఎక్స్‌రే పడం పంపే కంప్యూటరు పని నీదే కదా, నీకేమైనా తెలుసా అని అడిగావు. పోయిన నెల ఫోన్‌లోనూ ఇదే అడిగావు. సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ ఉంది అక్కా.

నా పని గురించి నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. మీ ఊరి క్లినిక్‌లో నర్సమ్మ ఎక్స్‌రే ఫిల్మును టాబ్లెట్‌తో ఫొటో తీసి పంపుతుంది. రాజపాళయంలో డాక్టర్ సుందరవల్లి దాన్ని చూస్తారు. మధ్యలో ఆ ఫొటోను అందుకుని దాచే సర్వర్ కోడ్ నాది. అక్కడికి ఫొటో బొమ్మలాగా రాదు. లక్షల బైట్లుగా, ముక్కలు ముక్కలుగా వస్తుంది. మొత్తం ఎన్ని బైట్లు రావాలో మొదట్లోనే తెలుస్తుంది. అన్నీ వచ్చాయా అని చూసుకోవాలి. రాకపోతే మళ్లీ పంపమనాలి. అంతే.

వానల్లో సిగ్నల్ నీరసించి ఒక్కో ఫొటో చేరడానికి చాలాసేపు పట్టేది. నర్సులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసేవారు. మా ఓనర్ సుదర్శన సార్ నా కుర్చీ పక్కన నిలబడి, "రేపు ఇంకొక ఆసుపత్రివాళ్లు చూసేదానికి వస్తారు. పడం రాకుండా తెర మీద చక్రం సుత్తిక్కుంటా నిలబడకూడదు, అంతే" అన్నారు. అర నిమిషంలో ఎంత వస్తే అంత దాచి, నర్సమ్మ టాబ్లెట్‌కు "చేరింది" అని జవాబిచ్చేలా కోడ్‌లో ఒక వరస రాశాను. అప్పుడు కొన్ని ఫొటోలు తెరుచుకోలేదు. అరకొరగా ఉన్నా సరే తెరవమని ఇంకో వరస రాశాను. తెరుచుకున్నాయి గానీ, రాని భాగం బూడిదరంగు పట్టీగా కనబడింది. చూడటానికి బాగాలేదని ఆ పట్టీని కత్తిరించేశాను. మూడూ ఒకే మధ్యాహ్నం రాశాను. ఆ తర్వాత ఏ నర్సూ ఫోన్ చేయలేదు. సార్ నా భుజం తట్టారు.

గోడౌన్‌లో పత్తి బేల్ బావ మీద పడింది ఆ తర్వాతి వారమే. క్లినిక్‌కు తీసుకెళ్లింది నువ్వే. ఎడమవైపు కింది పక్కటెముకలు రెండు విరిగినట్టు ఫిల్ములో ఉంది. డాక్టరమ్మకు చేరింది పై సగం. అంచులు శుభ్రంగా ఉండేసరికి, ఛాతీ పైభాగం వరకే తీశారనుకున్నారు ఆమె. "ఎముకలు బాగుండాయి, మాత్ర వేసుకొని పడుకోమను" అని నర్సమ్మకు ఫోన్‌లో చెప్పారు. బావ నమ్మాడు, మనమూ నమ్మాం. మూడో రోజు పొద్దున స్నానానికి లేచిన మనిషి గడప దాటలేదు, అక్కడే కూలిపోయాడు, పెద్దాసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది.

బావ పదహారో రోజు కర్మ అయిన మర్నాడు ఆఫీసుకు వెళ్లి లాగ్ తెరిచాను. రామర్, మంసాపురం. రావలసినవి ఇరవైమూడు లక్షల బైట్లు. వచ్చినవి పదకొండు లక్షలు. ఆ మూడు వరసలూ తీసేసి, సగం వస్తే తిప్పి పంపేలా రాశాను. పది నిమిషాలు పట్టింది. ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలైంది.

ఇంతకంటే చెడ్డది ఒకటుంది. ఆ వారమే మనవాళ్లు డాక్టరమ్మ గేటు ముందు గుమిగూడారు. "కండ్లు లేవా నీకు" అని అరిచారు. నేనూ వాళ్లలో ఉన్నాను. నేనూ అరిచాను, అందరికంటే గట్టిగా. ఆమె గేటు లోపల నిలబడి, "నేను చూసిన పడంలో లేదప్పా, సత్యంగా లేదు" అంటూనే ఉన్నారు. ఆ మాట నిజమని ఆ వీధిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

శనివారం నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తూ ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అమ్మ నా మొహం చూసింది.

"నీకు తెలుసునా?"

"తెలుసు."

"గేటుకాడ అరిచినప్పుడూ?"

"ఆమా, అప్పుడూ తెలుసు."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "రామర్ ఒకడిదేనా? ఇంకా ఎంతమంది పడం అట్ల తెగిపోయింది?" అని అడిగింది.

నాలుగు నెలల్లో ఒక్కసారైనా నేను వెతకలేదు అక్కా.

సోమవారం వెతికాను. ముప్పైఒకటి. ఆ జాబితా, లాగ్ కాపీ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "నేనే తప్పుగా చూసినానని అనుకుంటిని. పిచ్చి పట్టినట్టు ఉన్నింది" అన్నారు. నన్ను తిట్టలేదు. వెంటనే ఒక్కొక్క ఊరికీ ఫోన్లు మొదలుపెట్టారు. చాలామంది బాగానే ఉన్నారు. తళవాయిపురంలో ఆండి అనే ఆయనకు ఊపిరితిత్తి అడుగున నీరు చేరింది, నిన్న ఆసుపత్రిలో చేర్చారు. ఒకామె రెండు నెలల కిందటే పోయింది. ఎందువల్ల పోయిందో ఇంకా తెలియదు. ఆ ఇంటికి నేనే వెళ్లి చెప్పాలి. రేపు వెళ్తాను.

సుదర్శన సార్ "ఆ లాగ్ ఎవరికీ చూపించొద్దురా" అన్నారు. చూపించేశానన్నాను. రేపటి నుంచి రావద్దన్నారు. మంగళవారం పోలీసు స్టేషన్‌లో అన్నీ రాసి సంతకం పెట్టాను, ఆ మూడు వరసలు రాసింది నేనేనని, దాచిందీ నేనేనని.

విచారణకు నిన్ను పిలుస్తారు. క్షమించమని అడగడానికి ఈ ఉత్తరం రాయలేదు, అడిగే మొహం నాకు లేదు. బావకు ఏం జరిగిందో పరాయివాళ్ల నోట విని తెలుసుకోకూడదని రాశాను. అక్కడ నీకు ఏది తోస్తే అది చెప్పు. అమ్మ ముసలిదని గానీ, నేను తోడబుట్టినవాణ్ణని గానీ ఒక్క మాట కూడా తగ్గించకు.

ఇట్లు,
నీ తమ్ముడు,
ఆ పిలుపు నువ్వు వద్దంటే, వట్టి
కళైయరసన్.