శుక్రవారం పడిపోయే స్కోరు

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఇరవై ఆరు వేలు. నా మెషీన్‌కి ఇరవై ఆరు వేలా! నిన్న సాయంత్రం ఇదే స్పీడు టెస్టులో ముప్పై ఒక్క వేలు కొట్టింది. ఒకే కంప్యూటర్‌లో పాత గ్రాఫిక్స్ కార్డులు రెండింటిని జతచేసి, వాటి మామూలు స్పీడు దాటించి, హ్యాంగ్ కాకుండా నడిపేదాన్ని నేను. ఖతర్‌లో మేముండే ఈ ముఐథర్ మొత్తంలో ఇంకొకరుంటే చూపించమనండి. ఈ కాలంలో కొత్త కార్డు ఒక్కటి చాలు కదా, ఈ జోడెడ్ల బండి ఎందుకంటారు నేను పనిచేసే క్లినిక్‌లో. జోడెడ్లను ఒక్క అడుగు మీద నడిపించడంలోనే ఉంది పనితనం.

26న, శుక్రవారమే, పోటీ, పాత మెషీన్ల విభాగం. గేమింగ్ క్లబ్బువాళ్ళు వీడియో కాల్‌లో చూస్తుండగా టెస్టు నడపాలి. మా ఆయన గజేందర్ అప్పుడే తను పనిచేసే బిల్డింగు సైట్‌లో అందరికీ చెప్పేశాడు, నేను ఖతర్ ఫస్ట్ అని. జగిత్యాలలో మా అత్తకైతే దుబాయ్ ఫస్ట్ అన్నాడట.

సెప్టెంబర్ 7

డ్యూటీ నుంచి వచ్చి నడిపాను. ముప్పై ఒక్క వేలు. నా బంగారం.

సెప్టెంబర్ 12, శుక్రవారం

మళ్ళీ పడింది. డ్రైవర్ మార్చాను, కేబుళ్ళు మార్చాను, స్పీడు తగ్గించాను. రెండో కార్డు వేడెక్కి తనంతట తానే నెమ్మదిస్తోంది. అది అతీఖ్ అమ్మిన కార్డు. అతీఖ్ మా పై పోర్షన్ ఖమర్ ఆపా తమ్ముడు, నిజామాబాద్ వాళ్ళు. ఫోన్ చేసి కడిగేశాను. చచ్చిన కార్డు అంటగట్టావు, దొంగ అన్నాను. వచ్చి కార్డు పట్టుకుపోయాడు.

సెప్టెంబర్ 15

కార్డు తెచ్చిచ్చాడు. అల్ అజీజియాలో తన రూమ్‌లో ఆపకుండా నడిపాడట, ఏ లోపమూ లేదట. బాజీకి, అంటే నాకు, సలాం చెప్పమని గజేందర్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. చాయ్ తాగలేదు. ఎప్పుడూ రెండు కప్పులు తాగే మనిషి.

సెప్టెంబర్ 19, శుక్రవారం

దొరికింది!

టెస్టు మధ్యలో చెమట పట్టింది, నాకు. ఏసీ గాలి వస్తోంది గానీ చల్లగా లేదు. లైటు డల్‌గా వెలుగుతోంది. ఇన్ని రోజులూ మెషీన్ వంక తప్ప ఇంకెటూ చూడలేదు నేను! పైన ఖమర్ ఆపా శుక్రవారం పూట పిల్లల యూనిఫాంలు, ఇంటిల్లిపాది బట్టలు వారానికి సరిపడా ఇస్త్రీ చేస్తుంది. పక్కన ఓవెన్ కూడా నడుస్తుంటుంది. మాది ముక్కలు చేసి అద్దెకిచ్చిన విల్లా, పైకీ కిందికీ ఒకటే కరెంటు లైను. వోల్టేజి పడిపోయి మా ఏసీ కంప్రెసర్ ఆగిపోతోంది. గది వేడెక్కుతోంది, కార్డూ వేడెక్కుతోంది. ఆపా పని ముగిశాక, గది చల్లబడ్డాక మళ్ళీ నడిపాను. ముప్పై ఒక్క వేల రెండు వందలు! ఎవరినీ అడక్కుండా నేనే కనిపెట్టాను.

ఇప్పుడు ఇస్త్రీ ఆపమని అడగాల్సింది ఎవరిని? నేను దొంగ అన్నవాడి అక్కని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

సెప్టెంబర్ 22

అతీఖ్‌కి మెసేజ్ పెట్టాను, తప్పు కార్డుది కాదు, నాదేనని. బ్లూ టిక్ పడింది. అంతే.

సెప్టెంబర్ 25

పైకి వెళ్ళాను. సిగ్గుతో చచ్చిపోయాను. అంతా చెప్పాను, అతీఖ్‌ని అన్న మాటతో సహా. ఆపా తిట్టలేదు, నవ్వలేదు. తనకూ శుక్రవారమే తీరిక దొరుకుతుందని, చూస్తానని అంది. మాట మాత్రం ఇవ్వలేదు.

సెప్టెంబర్ 26, సాయంత్రం

అసర్ నమాజ్ అయ్యాక తలుపు చప్పుడు. ఖమర్ ఆపా. చేతిలో ఇస్త్రీ పెట్టె, వెనక అతీఖ్. పెట్టె తెచ్చి మెషీన్ పక్కనే పెట్టి, ఇది నీ కళ్ళ ముందుంటే నీకు ధైర్యం కదా అంది. ఓవెన్ కూడా ఆపేసి వచ్చిందట. కార్డు తనది కాబట్టి గెలిస్తే సగం పేరు తనదేనన్నాడు అతీఖ్. చాయ్ అడిగాడు. టెస్టు అయ్యేదాకా కరెంటు కెటిల్ ముట్టుకుంటే ఊరుకోనన్నాను.

ముప్పై ఒక్క వేల ఆరు వందలు. ఫస్ట్!

గజేందర్ ఈల వేశాడు. ఆపా నా తల నిమిరింది. ఏడుపొచ్చింది. గర్వంగా ఉంది, చెప్పలేనంత గర్వంగా ఉంది. అతీఖ్ రెండు కప్పులు తాగాడు.

ఇస్త్రీ పెట్టె మా ఇంట్లోనే మర్చిపోయింది ఆపా.

సెప్టెంబర్ 28

ఆపా చిన్నకొడుకు నలిగిన యూనిఫాంతో బడికి పోయాడట. ఇదేంటని టీచర్ అడిగితే, మా కింది ఆంటీ ఖతర్ ఫస్ట్ వచ్చింది మిస్ అన్నాడట.